ప్లేయర్‌కి ఛార్జింగ్ ఎక్కడం లేదు, లోపల నాన్నగారి రికార్డింగులు ఉన్నాయి

సింగ్‌నగర్ వాసి · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఇంట్లో అరచేతిలో పట్టే చిన్న మ్యూజిక్ ప్లేయర్ ఒకటి ఉంది. చిన్న తెర, ఎఫ్‌ఎం, రికార్డింగ్ ఉన్నాయి. ఛార్జింగ్‌కి టైప్ సి సాకెట్. ఆన్‌లైన్‌లో కొన్నదే, కంపెనీ పేరు చెప్పినా ఎవరూ విని ఉండరు. నాన్నగారు దాన్ని పాటలు వినడానికంటే రికార్డింగుకే ఎక్కువ వాడారు. రేడియో ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి దీనికి వైరు కలిపి ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని పట్టుకునేవారు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథలు కూడా అందులోనే ఉన్నాయి. మెమరీ కార్డు వెయ్యలేదు, అంతా లోపలి మెమరీలోనే ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు అది పై అరలో కవర్లో ఉంది. నీళ్లు అంత ఎత్తు రాలేదు గానీ ఇల్లంతా చాలా రోజులు చెమ్మ. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బాగానే పాడింది. తర్వాత బీరువాలో పడి ఉంది. ఇప్పుడు నాన్నగారు రోజూ అడుగుతున్నారు.

ఛార్జింగ్ పెడితే లైటు వెలగడం లేదు. తెర మీద ఏమీ లేదు. నా ఫోన్‌తో వచ్చిన సి టు సి కేబుల్ (రెండు చివర్లా టైప్ సి), ఛార్జర్ వాడాను. అదే కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టినా అంతే. ఒక షాపులో చూపిస్తే విప్పకుండానే అటూ ఇటూ తిప్పి చూసి "బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. నాకు కొత్తది అక్కర్లేదు, లోపల ఉన్నవి కావాలి. ఏం చేయమంటారు?

కృష్ణలంక కుర్రాడు · శుక్రవారం రాత్రి 9:20

అన్నా, బ్యాటరీ పడుకుంది. ప్లేయర్‌ని కవర్లో చుట్టి ఒక రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున తీసి ఛార్జింగ్ పెట్టు, లేస్తుంది.

సోల్డర్ పొగ · శుక్రవారం రాత్రి 9:31

ఫ్రిజ్‌లో ఏమీ పెట్టకండి సార్. బయటికి తీయగానే మన విజయవాడ గాలికి లోపలంతా నీటి బొట్లు పడతాయి. ఇప్పటికే చెమ్మ తిన్న బోర్డు అది. ఈ ఫ్రిజ్ వైద్యం ఎవరు మొదలుపెట్టారో గానీ నా బెంచ్ మీదికి వచ్చేవాటిలో సగం అలాంటివే.

ముందు ఒక్క పని చేయండి. ఆ సి టు సి కేబుల్ పక్కన పెట్టి, ఒక చివర పాత వెడల్పు యూఎస్‌బీ, రెండో చివర టైప్ సి ఉన్న కేబుల్ తీసుకోండి. పాత ఫోన్ ఛార్జర్ ఏదైనా ఉంటే దానికి పెట్టి ఏం జరుగుతుందో రాయండి. ఇంకేమీ చేయొద్దు.

సింగ్‌నగర్ వాసి · శుక్రవారం రాత్రి 9:35

కేబుల్ బాగానే ఉందండీ. దాంతోనే నా ఫోన్ ఎక్కుతోంది. మార్చి ఏం లాభం?

పటమట మేడమ్ · శుక్రవారం రాత్రి 10:04

లాభం ఉంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పాత రకం వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్ ప్లగ్గులో పెట్టగానే 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. అవతల ఎవరున్నారో దానికి అనవసరం. టైప్ సి ఛార్జర్ అలా కాదు. సి టు సి కేబుల్ పెట్టినప్పుడు అవతలి పరికరంలో సీసీ అనే పిన్నుల దగ్గర 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ (కరెంటుని అడ్డుకునే చిన్న భాగం) కనిపిస్తేనే అది కరెంటు వదులుతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఫ్లాట్ నంబరు చెబితేనే లోపలికి పంపినట్టు. మీ ఫోన్ నంబరు చెబుతుంది, కాబట్టి ఎక్కుతుంది.

చవక ప్లేయర్లు, టార్చిలైట్లు, ట్రిమ్మర్లు చాలావాటిలో పైసలు మిగులుతాయని ఆ రెండు రెసిస్టర్లు పెట్టరు. సాకెట్ మాత్రం టైప్ సి. అలాంటి వస్తువుకి ఎంత ఖరీదైన సి టు సి ఛార్జర్ పెట్టినా 0 వోల్టులే వస్తాయి. వస్తువు చచ్చిపోయిందని మనం అనుకుంటాం. కొన్నింటిలో ఒక్క రెసిస్టరే వేస్తారు. అవి కేబుల్ ఒక వైపు పెడితే ఎక్కుతాయి, తిరగేసి పెడితే ఎక్కవు. అందుకే డబ్బాలో ఎప్పుడూ వెడల్పు మొన కేబులే ఇస్తారు. మనం దాన్ని పారేసి ఫోన్ కేబుల్ వాడతాం.

ఇక్కడ ఇంకో విషయం. మీరు లాప్‌టాప్‌కి పెట్టింది కూడా ఆ కేబులే కాబట్టి ఆ పరీక్ష కూడా లెక్కలోకి రాదు. మీ ప్లేయర్ గురించి మనకి ఇంకా ఏమీ తెలియదు.

పాతపాటలు · శుక్రవారం రాత్రి 10:40

మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నా షేవింగ్ మిషన్ కథ ఇప్పుడు అర్థమైంది.

భక్తిరంజని రికార్డు చేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారంటే సంతోషంగా ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లో పొద్దున గడియారం చూసేవాళ్లు కాదు, భక్తిరంజని అయిపోతే స్నానాలకి లేవాలని లెక్క.

నిర్వాహకుడు · శుక్రవారం రాత్రి 10:45

పాతపాటలు గారూ, రేడియో కబుర్లకి వేరే విభాగం ఉంది. ఇక్కడ రిపేరు గురించే మాట్లాడుకుందాం, దయచేసి.

సింగ్‌నగర్ వాసి · శనివారం ఉదయం 8:17

వెడల్పు మొన కేబుల్ పక్కింటివాళ్ల దగ్గర దొరికింది. పాత ఛార్జర్‌కి పెట్టాను. లైటు వచ్చింది! కానీ నిలబడడం లేదు. ఎర్రగా వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. గబగబా కొట్టుకుంటోంది. గంట ఉంచినా అంతే. తెర రాలేదు. నాన్నగారు పక్కన కూర్చుని "వచ్చిందా, వచ్చిందా" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

సోల్డర్ పొగ · శనివారం ఉదయం 8:52

టెన్షన్ వద్దు, ఇది మంచి వార్త. లైటు వెలిగిందంటే సాకెట్ దాటి కరెంటు లోపలికి వెళ్తోంది. "బోర్డు పోయింది" అన్న మాట ఇక్కడికే అబద్ధం.

గబగబా కొట్టుకోవడానికి ఒక అర్థం ఉంది. ఇలాంటి చిన్న వస్తువుల్లో ఎక్కువగా వచ్చే ఛార్జింగ్ ఐసీ, అంటే ఛార్జింగ్ చూసుకునే చిప్, టీపీ 4056, లేదా దాని చుట్టాలు. బ్యాటరీ తగిలించకుండా కరెంటు ఇస్తే దాని ఛార్జింగ్ లైటు ఇలాగే టపటపా కొట్టుకుంటుంది. అంటే ఐసీ పనిచేస్తోంది, కానీ దానికి బ్యాటరీ కనిపించడం లేదు. కారణాలు రెండే. బ్యాటరీ తీగ ఊడిపోయి ఉండాలి, లేదా బ్యాటరీ మీద ఉండి, అది మరీ దిగిపోతే కట్ చేసే రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసి ఉండాలి.

మీ దగ్గర యూఎస్‌బీ మీటర్ ఉందా? ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న ముక్క. ఉంటే ఎన్ని ఆంపియర్లు చూపిస్తోందో చెప్పండి.

తెనాలి మిత్రుడు · శనివారం ఉదయం 9:05

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా ప్లేయర్ గోడ ఛార్జర్‌తో ఎక్కుతుంది, పవర్‌బ్యాంక్‌తో మాత్రం కొంచెంసేపు ఎక్కి ఆగిపోతుంది. ఇది కూడా బ్యాటరీయేనా?

పటమట మేడమ్ · శనివారం ఉదయం 9:18

కాదు. చాలా పవర్‌బ్యాంకులు తీసుకునే కరెంటు మరీ తక్కువైతే "అవతల ఎవరూ లేరు" అనుకుని తమంతట తామే ఆగిపోతాయి. ప్లేయర్ బ్యాటరీ చిన్నది, నిండుతున్న కొద్దీ తీసుకునే కరెంటు ఇంకా తగ్గుతుంది. కొన్ని పవర్‌బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పద్ధతిలోకి మారతాయి. మీ దానిలో ఉందేమో చూడండి. లేకపోతే గోడ ఛార్జరే వాడండి, వస్తువులో లోపం లేదు.

సింగ్‌నగర్ వాసి · శనివారం మధ్యాహ్నం 1:26

మీటర్ మా తమ్ముడి దగ్గర ఉంది, తెప్పించాను. వోల్టులు 5.1. ఆంపియర్లు 0.00, అప్పుడప్పుడు 0.01. కంప్యూటర్‌కి పెడితే టింగుమని శబ్దం వస్తుంది, వెంటనే పోతుంది. మళ్లీ టింగుమంటుంది. ఒకసారి మాత్రం "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని అడిగింది.

సోల్డర్ పొగ · శనివారం మధ్యాహ్నం 1:29

ఫార్మాట్ నొక్కారా???

సింగ్‌నగర్ వాసి · శనివారం మధ్యాహ్నం 1:31

లేదండీ. భయమేసి కేబుల్ పీకేశాను.

సోల్డర్ పొగ · శనివారం మధ్యాహ్నం 1:48

బతికించారు. ఇక కంప్యూటర్‌కి పెట్టొద్దు. ప్లేయర్ సగం లేచి పడిపోతోంది, ఆ సగంలో కంప్యూటర్‌కి మెమరీ అర్థం కాక ఖాళీ డిస్క్ అనుకుంటోంది. ఫైళ్లు ఎక్కడికీ పోవు, ఫ్లాష్ మెమరీకి కరెంటు లేకపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కానీ లేచి పడుతూ ఉన్నప్పుడు ప్లేయర్ ఏదైనా రాయబోయిందంటే ఫైళ్ల పట్టిక చెడుతుంది.

మీటర్ లెక్క ఇలా చూసుకోండి, తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. సరైన కేబుల్ పెట్టినా 0.00 ఉండి లైటు కూడా లేకపోతే సాకెట్ అనుమానించాలి. జేబులో పెట్టుకునే ప్లేయర్లలో సాకెట్ అడుగున నూలు పోగులు కుక్కుకుపోతాయి, కేబుల్ పూర్తిగా దిగదు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి. సేఫ్టీ పిన్ను పెట్టి గీకితే రెండు పిన్నులు కలిసిపోతాయి. 0.03 నుంచి 0.1 దాకా ఉండి మెల్లగా పెరుగుతుంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది, ఐసీ దాన్ని బుజ్జగిస్తోంది. అప్పుడు కదపకుండా గంట, గంటన్నర వదిలేయాలి. చాలామంది ఇక్కడే తొందరపడి పీకేస్తారు. 0.2 పైన ఉండి కూడా తెర రాకపోతే ఛార్జింగ్ సంగతి కాదు, వేరే ఏదో. మీది 0.00, లైటు కొట్టుకుంటోంది, కంప్యూటర్ ఒక క్షణం గుర్తుపడుతోంది. నూటికి నూరు పాళ్లూ బ్యాటరీ వైపే.

వెనక మూత స్క్రూలా, అతికించి ఉందా? మూత ఎక్కడైనా ఉబ్బిందా?

సింగ్‌నగర్ వాసి · శనివారం మధ్యాహ్నం 2:10

స్క్రూలే. ఉబ్బలేదు. బల్ల మీద పెడితే ఊగడం లేదు.

బ్రాడీపేట బండి · శనివారం మధ్యాహ్నం 2:33

ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి నాదీ అడుగుతాను. గుంటూరు నుంచి. నాకు ఐపాడ్ నానో ఉంది, నాలుగో తరం. కంప్యూటర్‌కి పెడితే చక్కగా ఎక్కుతుంది. పాత కారులో ఐపాడ్ పెట్టుకునే డాక్ ఒకటి ఉంది. అందులో పెడితే పాట వస్తుంది, ఛార్జింగ్ మాత్రం ఎక్కదు. అదే డాక్‌లో మా బావగారి పాత ఐపాడ్ ఎక్కేది. అరండల్‌పేటలో ఒకాయన డాక్ పిన్నులన్నీ తుడిచి ఇచ్చాడు, మార్పు లేదు.

పటమట మేడమ్ · శనివారం మధ్యాహ్నం 2:58

డాక్ కూడా బాగానే ఉండి ఉంటుంది. 2001 అక్టోబరులో వచ్చిన మొదటి ఐపాడ్ ఫైర్‌వైర్ అనే వేరే తీగతో ఛార్జ్ అయ్యేది. 2003లో 30 పిన్నుల సాకెట్ వచ్చింది. అందులో ఫైర్‌వైర్ కరెంటుకి కొన్ని పిన్నులు, యూఎస్‌బీ కరెంటుకి కొన్ని పిన్నులు. ఫైర్‌వైర్ వైపు వచ్చేది 12 వోల్టులు, కారు బ్యాటరీ కూడా అంతే. కాబట్టి అప్పటి కారు డాక్‌లు ఆ పిన్నుల మీదే కరెంటు ఇచ్చేవి. 2008లో వచ్చిన నాలుగో తరం నానో నుంచి ఫైర్‌వైర్ ఛార్జింగ్ తీసేశారు. పాట వచ్చే పిన్నులు మారలేదు, అందుకే పాట వస్తుంది, ఛార్జింగ్ రాదు. తుడిస్తే వచ్చేది కాదు అది. 12 వోల్టుల్ని 5 చేసి యూఎస్‌బీ పిన్నుల మీదికి పంపే మధ్య ముక్కలు అప్పట్లో అమ్మేవారు. ఇప్పుడు దొరక్కపోతే కారు సిగరెట్ సాకెట్‌లో పెట్టే యూఎస్‌బీ ఛార్జర్, ఐపాడ్ కేబుల్ వాడుకోవడమే తేలిక.

బ్రాడీపేట బండి · శనివారం మధ్యాహ్నం 3:02

ఓహో! ఆ డాక్ తుడిపించడానికి పెట్టిన డబ్బుతో సిగరెట్ ఛార్జరే వచ్చేది. ధన్యవాదాలు మేడమ్.

సోల్డర్ పొగ · శనివారం మధ్యాహ్నం 3:15

సింగ్‌నగర్ గారూ, మీకు చేయి తిరిగితే స్క్రూలు విప్పి ఫోటో పెట్టండి. కేబుల్ పీకేసి విప్పండి. బ్యాటరీ కింద జిగురు టేపు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పెకిలించొద్దు. చూడ్డం వరకే.

సింగ్‌నగర్ వాసి · శనివారం సాయంత్రం 5:44

విప్పాను. ఫోటోలు పెట్టాను. బ్యాటరీకి మూడు తీగలు ఉన్నాయి, ఎరుపు, నలుపు, పసుపు. ఎర్ర తీగ బోర్డుకి అతికిన చోట ఆకుపచ్చగా పొడిలా ఉంది. ముట్టుకుంటే కదులుతోంది. మా మేనల్లుడి దగ్గర మల్టీమీటర్ ఉంటే అడిగాను. ఎరుపు, నలుపు మధ్య సున్నా చూపించింది. బ్యాటరీ పైన పసుపు టేపు కొంచెం ఎత్తి, లోపలి రెండు రేకుల మీద పెడితే 1.1 వోల్టులు.

కృష్ణలంక కుర్రాడు · శనివారం సాయంత్రం 5:58

అయితే సింపుల్ అన్నా. పాత యూఎస్‌బీ కేబుల్ కోసి ఎరుపు, నలుపు తీగలు డైరెక్టుగా ఆ రేకుల మీద ఒక నిమిషం తాకించు. 3 వోల్టులకి వచ్చేస్తుంది. తర్వాత మామూలుగా ఛార్జ్ అవుతుంది. నేను చాలావాటికి చేశాను.

పటమట మేడమ్ · శనివారం సాయంత్రం 6:20

దయచేసి చేయకండి. ఈ సలహా పట్టుకుని ఇంకెవరైనా చేస్తారేమోనని కారణం కూడా రాస్తున్నాను.

లిథియం సెల్ నిండితే 4.2 వోల్టులు, మామూలుగా 3.7. మూడు వోల్టుల కిందికి, రెండున్నర దగ్గరికి రాగానే రక్షణ సర్క్యూట్ కట్ చేస్తుంది. అయినా సెల్ తనంతట తాను కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది, ఆ సర్క్యూట్ కూడా కొంచెం తింటుంది. అలా నెలల తరబడి రెండు వోల్టుల కింద ఉండిపోయిన సెల్‌లో లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి అక్కడక్కడా పేరుకుని రెండు పొరల్ని కలిపేయొచ్చు. అప్పుడు సెల్ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఆ రోజే కాకపోవచ్చు, నాన్నగారి దిండు పక్కన ఉన్న రోజు కావచ్చు. పైగా రేకుల మీద నేరుగా 5 వోల్టులంటే కరెంటుకి హద్దు లేదు, 4.2 దగ్గర ఆపేవాళ్లూ లేరు.

1.1 వోల్టుల సెల్‌ని లేపడం ఎలా అన్నది అసలు ప్రశ్నే కాదు. దాన్ని తీసేయాలి.

కృష్ణలంక కుర్రాడు · శనివారం సాయంత్రం 6:31

నా చేతిలో ఇంతవరకు ఏదీ పేలలేదు మేడమ్.

సోల్డర్ పొగ · శనివారం సాయంత్రం 6:39

నా బెంచ్ మీద పేలింది తమ్ముడూ, బల్ల మీద మచ్చ ఇంకా ఉంది. వదిలెయ్.

సింగ్‌నగర్ గారూ, ఇప్పుడు బొమ్మ పూర్తిగా కనిపిస్తోంది. చెమ్మకి ఎర్ర తీగ అతుకు దగ్గర చిలుము పట్టి ఊడింది. అది ఒకటి. బీరువాలో ఉన్నన్నాళ్లూ సెల్ పూర్తిగా దిగింది. అది రెండు. తప్పు కేబుల్ వల్ల ఇవేవీ బయటపడలేదు. తీగ ఒక్కటే అతికిస్తే సరిపోదు, సెల్ ఒక్కటే మార్చి చిలుము వదిలేసినా మళ్లీ ఇదే కథ.

మీకు పాటలు ముందు కావాలి కదా. దానికి బ్యాటరీ అక్కర్లేదు. బెంచ్ పవర్ సప్లయ్‌తో, అంటే కావలసినన్ని వోల్టులు పెట్టుకోగల పెట్టెతో, బ్యాటరీ స్థానంలో కరెంటు ఇచ్చి ప్లేయర్‌ని లేపొచ్చు. సోమవారం గవర్నర్‌పేటలో నా బెంచ్ దగ్గరికి తీసుకురండి, అడ్రసు మెసేజ్‌లో పంపాను. ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. వచ్చేలోపు బ్యాటరీ మీద అచ్చేసిన అంకెలు చెబితే కొత్తది వెతికి పెడతాను.

సింగ్‌నగర్ వాసి · శనివారం సాయంత్రం 6:50

403040 అని ఉంది. దాని కింద 3.7 వి అని ఉంది. ఆ ఆరంకెలు ఏమిటండీ, మోడలా?

సోల్డర్ పొగ · శనివారం సాయంత్రం 7:01

కొలతలు. మందం 4.0 మిల్లీమీటర్లు, వెడల్పు 30, పొడవు 40. ఏ కంపెనీదైనా ఈ అంకెలుంటే గూట్లో పడుతుంది. ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైనా మూత నొక్కిపెట్టి స్క్రూలు బిగించొద్దు. ఇంకోటి, మీది మూడు తీగలది. రెండు తీగలది తెచ్చి అతికించేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

పాతపాటలు · శనివారం రాత్రి 8:12

మూడో తీగ దేనికి? రిపేరు ప్రశ్నే అడుగుతున్నాను, నిర్వాహకుడు గారు గమనించాలి.

పటమట మేడమ్ · శనివారం రాత్రి 8:30

వేడి తెలుసుకోవడానికి. సెల్ పక్కన ఒక థర్మిస్టర్ ఉంటుంది, వేడిని బట్టి దాని రెసిస్టెన్స్ మారుతుంది. మామూలుగా లిథియం సెల్‌ని 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలి. అది దాటితే ఐసీ ఛార్జింగ్ ఆపేస్తుంది. మూడో తీగ వదిలేస్తే కొన్ని ప్లేయర్లు "వేడి ఎంతో తెలియదు" అని అసలు ఛార్జ్ తీసుకోవు. కొత్త బ్యాటరీ వేసినా ఎక్కలేదంటే ముందు చూడాల్సింది ఇదే.

పాతపాటలు · శనివారం రాత్రి 8:41

అయితే మా మేడ మీద గదిలో మే నెల మధ్యాహ్నం ఛార్జింగ్ పెడితే ఆగిపోయి, రాత్రి పెడితే ఎక్కేది ఇందుకా! నేను మధ్యాహ్నం వోల్టేజి తక్కువనుకున్నాను. రేకుల షెడ్డు లెండి, గది కూడా అనకూడదు దాన్ని.

పటమట మేడమ్ · శనివారం రాత్రి 8:44

అదే కారణం అయి ఉంటుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద కూడా అంతే.

సింగ్‌నగర్ వాసి · సోమవారం రాత్రి 9:50

వచ్చేశాయి! అన్నీ వచ్చేశాయి. భక్తిరంజని ఫైళ్లు, హరికథలు, మధ్యలో మా అమ్మ వంటింట్లోంచి పిలిచిన పిలుపుతో సహా.

సోల్డర్ పొగ గారి దగ్గర జరిగింది నాకు అర్థమైనంత రాస్తాను. ముందు చచ్చిన బ్యాటరీ తీగలు ఊడదీశారు. ఆకుపచ్చ చిలుముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగారు. సాకెట్ లోపల కూడా. మెడికల్ షాపు స్పిరిట్ వాడొచ్చా అని అడిగితే, అందులో నీళ్లు ఎక్కువ, 99 శాతం ఉన్నదే వాడాలి అన్నారు. వరదప్పుడు మా వీధిలో ఫోన్లన్నీ బియ్యం డబ్బాల్లో పెట్టారని చెప్పాను. బియ్యం పైతడి పీల్చినా లోపలి ఉప్పునీ బురదనీ తీయదు, పైగా తవుడు సాకెట్‌లోకి పోతుంది అని నవ్వారు. తర్వాత పవర్ సప్లయ్ తీగలు కలిపి కరెంటు ఇచ్చారు. తెర వెలిగింది. తేదీ మాత్రం జనవరి 1 చూపించింది. అప్పుడు కంప్యూటర్‌కి కలిపితే ఫోల్డర్లు వరసగా కనిపించాయి.

సోల్డర్ పొగ · సోమవారం రాత్రి 10:15

ఇదే పని చేయబోయేవాళ్ల కోసం ఒక మాట. పవర్ సప్లయ్ 3.8 వోల్టుల దగ్గర పెట్టి ప్లేయర్‌ని లేపడం వరకు బాగానే ఉంటుంది. కాపీ కోసం యూఎస్‌బీ కూడా పెట్టగానే ఛార్జింగ్ ఐసీ అది బ్యాటరీ అనుకుని కరెంటు వెనక్కి తోస్తుంది. అందుకే 4.15కి పెంచాను, నిండిన బ్యాటరీ అనుకుని ఊరుకుంది. కరెంటు హద్దు అర ఆంపియర్. ముందు కాపీ, తర్వాతే కొత్త బ్యాటరీ. వరస తిరగేయొద్దు.

మూడు తీగల 403040 దొరికింది. వేశాక మీటర్ మీద మొదట 0.31 చూపించింది, నిండే కొద్దీ తగ్గింది.

తెనాలి మిత్రుడు · సోమవారం రాత్రి 10:22

పాత బ్యాటరీ ఏం చేశారు? మా ఇంట్లో డ్రాయర్ నిండా ఉన్నాయి, చెత్తబండికి ఇవ్వొచ్చా?

పటమట మేడమ్ · సోమవారం రాత్రి 10:37

తడి పొడి చెత్తలో కలపొద్దు. బండి కుదిపి నొక్కినప్పుడు మంటలు వస్తాయి. రెండు కొసలకీ టేపు చుట్టి, ప్రమాదకర చెత్త విడిగా తీసుకునేవాళ్లకో ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాను) సేకరించేవాళ్లకో ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవి సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులది. ఉబ్బినవి ఉంటే డ్రాయర్‌లో ఉంచకండి. గుచ్చకుండా, ఇసుక పోసిన రేకు డబ్బాలో బయట పెట్టండి.

సింగ్‌నగర్ వాసి · మంగళవారం ఉదయం 7:20

చివరి ప్రశ్న. ఫైళ్లన్నీ వేవ్ రకం, ఒక్కో హరికథ ఒక జీబీ దాటింది. ఎంపీ3 చేసి పెద్దవి తీసేయనా? ఇంకోటి, రేడియో నుంచి పట్టినవాటిలో వెనకాల సన్నగా జుయ్యిమని మోత ఉంది. హరికథల్లో లేదు. ప్లేయర్ చెడిందా?

పటమట మేడమ్ · మంగళవారం ఉదయం 7:48

వేవ్ అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీ, కాబట్టి ఆ సైజు మామూలే. పెద్దవి తీసేయకండి. ఫ్లాక్ అనే ఫైలు రకంగా మారిస్తే నాణ్యత ఏమాత్రం పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. దాన్ని రెండు చోట్ల దాచండి. నాన్నగారు వినడానికి ఎంపీ3 ఇవ్వండి.

మోత ప్లేయర్‌ది కాదు. రేడియో కరెంటు ప్లగ్గు మీద నడుస్తుండగా రికార్డు చేసి ఉంటారు. అడాప్టర్ నుంచి వచ్చే మోత వైరు గుండా లోపలికి వస్తుంది. రేడియోలో సెల్స్ వేసి, ప్లేయర్ ఛార్జింగ్ తీసేసి రికార్డు చేస్తే రాదు.

సింగ్‌నగర్ వాసి · మంగళవారం ఉదయం 8:05

ఇది నాన్నగారికి చదివి వినిపించాను మేడమ్. చెప్పులు వేసుకుని సెల్స్ కోసం బయల్దేరారు. ఏ సైజో చూసుకోకుండానే.